వీడ్కోలు కేకు

శుక్రవారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో తల్లీకూతుళ్లకి మాటల్లేవు.

మాటలు ఆగినంత మాత్రాన వంట ఆగదు కదా. ఆదివారం మధ్యాహ్నం తల్లి గ్లెనిస్ ఎప్పటిలాగే ఓవెన్లో మాంసం కాల్చింది, బంగాళాదుంపలు వేయించింది, జారుపిండి పోసి పొంగించే యార్క్‌షైర్ పుడింగులు చేసింది. ఆవిడ చేతిలో పుడింగు పొంగకపోవడమన్నది ఆ వీధిలో ఎవరూ ఎరగరు. ఆ రోజు మాత్రం ఒక్కటీ లేవలేదు. అన్నీ రేకు పళ్లెంలో చతికిలబడి కూర్చున్నాయి. ఆ సంగతి అందరూ చూశారు, ఎవరూ అనలేదు.

"డీన్, గ్రేవీ అందుకోమని చెప్పు మీ ఆవిడకి," అంది గ్లెనిస్.

గ్రేవీ గిన్నె కెర్రీ మోచేతి పక్కనే ఉంది.

"ఉన్నది చాలని చెప్పు మీ అత్తగారికి," అంది కెర్రీ.

డీన్ తల పళ్లెంలో పెట్టుకుని గబగబా తింటున్నాడు. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు దగ్గర చేపలకి పొగ పెట్టే కొట్టంలో అతని పని. రోజంతా పొగలో నిలబడటం అతనికి అలవాటే, కాని మూడు రోజులుగా ఇంట్లో కమ్ముకున్న పొగకి మాత్రం ఊపిరాడటం లేదు. వాళ్ల కూతురు టిల్లీ తొమ్మిదేళ్ల పిల్లే అయినా లోకం తెలిసినది. సగం పళ్లెం వదిలేసి పై గదిలోకి జారుకుంది.

ఫ్రిజ్ మీద రేకు డబ్బాలో శుక్రవారం నాటి కేకు సగం అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. గొడవంతా ఆ కేకుతోనే మొదలైంది మరి.

కెర్రీ హార్బర్ లేన్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంటు. చదవడానికి తడబడే పిల్లల పక్కన కూర్చుని అక్షరం అక్షరం లాగించడం, దెబ్బలాడుకున్న వాళ్లని విడదీసి ఇద్దరి మాటా వినడం, ఆటకి వెళ్లే ముందు బూట్ల తాళ్లు కట్టడం ఆమె పనులు. పదహారేళ్లకే చదువు మానేసి చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టిన మనిషి, నిరుటి నుంచి స్కూలు అయ్యాక కాలేజీకి వెళ్లి, పూర్తి డిగ్రీకి మెట్టులాంటి రెండేళ్ల ఫౌండేషన్ డిగ్రీ చదువుతోంది. పనిచేస్తూ చదివే చదువది. స్కూల్లో పని ఉన్నన్నాళ్లే ఆ చదువు, పని పోయిన రోజున కాలేజీ వాళ్లూ పొమ్మంటారు. మొన్నీమధ్యే మొదటి ఏడు పాసయింది.

అందుకని శుక్రవారం సాయంత్రం స్టాఫ్ రూములో తెల్లటి ఐసింగు వేసిన కేకు కనిపించేసరికి, పాసయినందుకే అనుకుంది. హెడ్ మిస్ట్రెస్ మిసెస్ థర్‌బీ అందరి ముందూ నిలబడి, కెర్రీని చూస్తే తమకెంతో గర్వంగా ఉందంది. కెర్రీ చెవులు ఎర్రబడ్డాయి. చప్పట్లు కొట్టారు. చాకు చేతికిచ్చారు. చాకు కేకులో దిగాక, కొత్త తరగతులు మొదలయ్యే సెప్టెంబరు నుంచి కెర్రీ లేని స్కూలుని తలుచుకుంటేనే దిగులుగా ఉందని, టీచరుగా ఏ స్కూలుకి వెళ్లినా ఆ స్కూలు అదృష్టమేనని మిసెస్ థర్‌బీ ముగించింది.

కెర్రీ విన్నది. అర్థం చేసుకుంది. అది పాసయినందుకు కాదు, పంపించేస్తున్నందుకు పెట్టిన కేకు. అయినా ఏమంది? "థాంక్యూ మేడమ్," అంది. ఒక ముక్క తింది. ఐసింగు బాగా కుదిరిందంది. అందరూ సంతకాలు పెట్టిన వీడ్కోలు కార్డు అందుకుని, విప్పి చదివి, మళ్లీ థాంక్యూ చెప్పింది.

ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్లు ఎవరున్నా ఆ పనే చేసేవాళ్లు. చేతికి కేకు ఇస్తున్న మనిషిని పట్టుకుని, మీరు పొరబడ్డారండీ అనడానికి ఎవరికి నోరొస్తుంది?

బయటికొచ్చాక తోటి అసిస్టెంటుని అడిగితే అసలు కథ తెలిసింది. స్కూల్లో జరిగిన వేసవి సంబరంలో టీ బల్ల దగ్గర నిలబడింది గ్లెనిస్. ముప్పయ్యేళ్లు అదే స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఏ సంబరమైనా టీ బల్ల ఆవిడదే. మిసెస్ థర్‌బీకి కప్పు అందిస్తూ, "సెప్టెంబరుకి మీరు కొత్త అసిస్టెంటుని వెతుక్కోవాలి మేడమ్, మా కెర్రీ టీచరైపోతోంది," అని చెప్పేసింది. స్కూల్లో డబ్బు చాలక, ఒక అసిస్టెంటుని తగ్గించాల్సి వచ్చి, ఎవర్ని పొమ్మనాలో తెలియక నిద్ర కరువైన హెడ్ మిస్ట్రెస్‌కి ఆ మాట వరంలా వినిపించింది. ఎవర్నీ ఏడిపించకుండా ఒక ఉద్యోగం దానంతటదే ఖాళీ అవుతుంటే, ఆవిడ మాత్రం వద్దంటుందా?

డీన్ పళ్లెం ఖాళీ చేసి, ఫోర్కు కింద పెట్టాడు. ఇక ఎవరో ఒకరు నోరు విప్పాలని అతనికి తోచింది. విప్పకుండా ఉండాల్సింది.

"పునాది గుంత తవ్వుతుండగానే కొత్తింటి విందుకి ఊరందర్నీ పిలిచేశారు అత్తయ్యా మీరు," అన్నాడు నవ్విద్దామని.

ఎవరూ నవ్వలేదు. గ్లెనిస్ మొహం మాడిపోయింది.

"నేను అబద్ధం చెప్పానా?" అంది. ఈసారి అల్లుడితో కాదు, నేరుగా కూతురితో. "చదువుతున్నావా, లేదా?"

"అయింది మొదటి ఏడే అమ్మా. ఇంకో ఏడుంది. అది అయ్యాక పూర్తి డిగ్రీకి కొంత చదవాలి. ఆ తర్వాత టీచరు ట్రైనింగు. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చెప్పావు. నువ్వు చెప్పే తీరు చూస్తే ఆ చదువు ఇంకెవరిదో అనుకుంటారు. నిన్నెవరైనా అడిగితే ఏమంటావ్? ఏదో చిన్న కోర్సు అంటావ్. ఏదో అట, చిన్న అట."

అది నిజమే. ఆటస్థలంలో పిల్లల తగాదాల గురించి ఆమె రాసిన వ్యాసాన్ని కాలేజీలో లెక్చరర్ క్లాసంతటికీ చదివి వినిపించాడు. ఆ సంగతి ఆమె డీన్‌కి ఒక్కడికే చెప్పింది, అదీ గిన్నెలు కడుగుతూ, కుళాయి చప్పుడులో సగం కలిసిపోయేలా. గ్లెనిస్‌కి డీన్ ద్వారా తెలిసింది. తెలిసిన మర్నాడు బస్టాపులోనూ, బింగో ఆడే హాల్లోనూ, చేపల వేపుడు కొట్టు ముందు వరసలోనూ ఆ మాటే. గ్లెనిస్ పొగుడుతుందంటే కొట్టువాడు కూడా నూనెలో గరిట ఆపి వినాల్సిందే.

"నీ గురించి ఒక్క మంచి మాట నీ నోట్లోంచి రాదు," అంది గ్లెనిస్. "అందుకని నేనంటాను. తల్లినై ఉండి ఆ మాత్రం అనకూడదా?"

"నువ్వు అని అని నా ఉద్యోగం ఊడగొట్టావు."

ఆ మాట బల్ల మీద పడ్డాక ఇక ఎవరూ ఏమీ తినలేదు. గ్లెనిస్ లేచి వెళ్లి సింకు ముందు నిలబడింది. అప్పటికే కడిగిన గిన్నెల్ని మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఆవిడ భుజాలు చూసి కెర్రీకి లేచి వెళ్లాలనిపించింది, కాని వెళ్లలేదు. ఆ ఇంట్లో పంతం కూడా తల్లి నుంచి కూతురికి వచ్చిన ఆస్తే.

కాసేపటికి గ్లెనిస్ వెనక్కి తిరగకుండానే, దీన్ని సరిచెయ్యడానికి దారేమిటని అడిగింది. కెర్రీ చెప్పింది. సోమవారం సాయంత్రం స్కూలు కమిటీ కూర్చుంటుంది, సెప్టెంబరు నుంచి ఎవరుంటారో ఎవరుండరో ఖాయం చేస్తుంది. ఒకసారి ఖాయమైతే ఇక అంతే. వేరే స్కూళ్లలోనూ మనుషుల్ని తగ్గించేవాళ్లే కాని పెంచేవాళ్లు లేరు.

అయితే ఈలోగా వెళ్లి మేడమ్‌తో ఉన్న సంగతి చెప్పెయ్యొచ్చు కదా అన్నాడు డీన్. కేకు తిన్నాక ఎలా చెప్పనని అడిగింది కెర్రీ.

"కేకు తిన్నంత మాత్రాన ఉద్యోగం వదులుకుంటావా?"

"కార్డు కూడా తీసుకున్నాను," అంది కెర్రీ నీరసంగా.

డీన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"రేపు నేనొస్తా," అంది సింకు దగ్గర్నుంచి గ్లెనిస్.

"నువ్వు రావద్దు."

"నోరు జారింది నాది. తుడవాల్సింది నేనే."

"వద్దన్నానా? ఇంక నా గురించి ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. మంచిగానూ వద్దు, చెడ్డగానూ వద్దు."

గ్లెనిస్ సరేననలేదు. రానని కూడా అనలేదు.

సోమవారం స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర గ్లెనిస్ నిలబడి ఉంది. జూన్ నెల ఎండలో చలికాలపు నీలం కోటు వేసుకుంది. పెళ్లిళ్లకీ అంత్యక్రియలకీ తప్ప ఆ కోటు బీరువాలోంచి బయటికి రాదు. పై బొత్తాం దాకా పెట్టుకుంది. నుదుటి మీద చెమట. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు పలకరిస్తుంటే పొడిపొడిగా తలూపుతోంది. ఎవరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అదే కెర్రీని ఎక్కువ భయపెట్టింది.

తిట్టాలనుకుంది కెర్రీ. దగ్గరికెళ్లేసరికి, "కోటు విప్పమ్మా, వడదెబ్బ తగులుతుంది," అని మాత్రం అనగలిగింది.

"బాగానే ఉన్నాను," అని గ్లెనిస్ ఎడమవైపు నడిచింది. ఆవిడ కాళ్లు అలవాటు చొప్పున వంటింటి తలుపు వైపు వెళ్తున్నాయని కెర్రీకి ఒక క్షణం తర్వాత తెలిసింది. ముప్పయ్యేళ్లూ ఆవిడ ఈ స్కూల్లోకి ఆ తలుపు గుండానే వచ్చింది. కెర్రీ తల్లి మోచెయ్యి పట్టుకుని ముందు తలుపు వైపు తిప్పింది. అక్కడ ఆఫీసమ్మాయి నవ్వుతూ పుస్తకంలో పేరు రాయించి, మెళ్లో వేసుకోమని ఒక బిళ్ల ఇచ్చింది. దాని మీద సందర్శకులు అని రాసి ఉంది. గ్లెనిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వేసుకుంది.

మిసెస్ థర్‌బీ గదిలో కాయితాల గుట్టల మధ్య ఉంది. కమిటీ వాళ్లు అప్పటికే పక్కన స్టాఫ్ రూములో టీ తాగుతున్నారు, గోడ అవతల కప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఇద్దర్నీ చూసి కుర్చీలు చూపించింది. కెర్రీ పిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క మాటే తీసి ముందు పెట్టింది. తను ఎక్కడికీ వెళ్లడం లేదు. చదువు ఇంకా సగంలోనే ఉంది. ఈ పని లేకపోతే ఆ చదువూ ఉండదు.

మిసెస్ థర్‌బీ కళ్లజోడు తీసేసింది.

"మరి శుక్రవారం ఎందుకు చెప్పలేదు కెర్రీ?"

"కేకు చాలా బాగుంది మేడమ్," అంది కెర్రీ.

ఆవిడకి నవ్వు ఆగలేదు. కాని నవ్వు అయిపోగానే మొహం మళ్లీ అలిసిపోయింది. చెడ్డ మనిషి కాదావిడ. ఉన్న డబ్బుని ఎటు లాగినా ఒక మూల చాలకుండా వస్తుంటే, ఆ మూల ఎవరి నెత్తిన పడాలో చూసుకోవడమే ఆవిడ ఉద్యోగమైపోయింది. కమిటీకి పంపిన పట్టికలో కెర్రీ పేరు కొట్టేసి ఉందని, దాన్ని తిరిగి చేర్చాలంటే మిగిలిన అసిస్టెంట్లందరికీ కాస్త కాస్త గంటలు తగ్గించాలని, అది అసాధ్యం కాదని చెప్పింది. అయితే చిక్కు కమిటీ ఛైర్మన్ దగ్గరుంది. ఇంతకుముందు ఇద్దరు అసిస్టెంట్లు ఇలాగే చదువుకుని, వారానికో పూట సెలవులు తీసుకుని, తీరా అయ్యాక వేరే స్కూళ్లకి టీచర్లుగా వెళ్లిపోయారు. మనం తయారుచేస్తాం, పక్కవాళ్లు పట్టుకుపోతారు అన్నది ఆయన పాట.

"ఆయన నన్నడిగేది ఒక్కటే," అంది మిసెస్ థర్‌బీ. గొంతు తగ్గించింది. "ఈ అమ్మాయి ఉంటుందా, పోతుందా అని. నువ్వు ఈ పనిలోనే స్థిరపడతావని, ఆ చదువు ఈ పని బాగా చెయ్యడానికే తప్ప టీచరయ్యే ఉద్దేశం నీకు లేదని చెప్పమంటే చెప్తాను. పదినిమిషాల్లో తేలిపోతుంది. చెప్పనా?"

కెర్రీ నోరు తెరిచే లోపే గ్లెనిస్ ముందుకు జరిగింది.

"చెప్పండి మేడమ్. అదే నిజం. ఆ రోజు టీ బల్ల దగ్గర నేను వాగాను. మీకు తెలియనిదేముంది, నా నోరు అలాంటిది. టీచరూ లేదు, గీచరూ లేదు. అది ఏదో చిన్న కోర్సు. మా పిల్ల ఎక్కడికీ పోదు. రిటైరయ్యే దాకా ఇక్కడే బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఉంటుంది. దానికి అంతకన్నా ఏమొచ్చు?"

మాట తడబడకుండా అంది. దారి పొడుగునా కంఠతా పట్టినట్టుంది. చెప్పడం అయిపోయాక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మెళ్లో బిళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

కెర్రీ తల్లి నోటి నుంచి తన గురించి చిన్న మాట వినడం పుట్టాక అదే మొదటిసారి. బళ్లో ఆఖరి మార్కులు తెచ్చుకున్న రోజున కూడా, మా కెర్రీ చేతిరాత చూశారా అని వీధంతా చూపించుకొచ్చిన మనిషి. ఊళ్లో సగంమంది విని విని అరిగిపోయిన ఆ గొప్పల కోటు కింద తను ఎంత వెచ్చగా పెరిగిందో కెర్రీకి అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆవిడ దాన్ని తన చేత్తో తనే విప్పి కింద పడేసింది, కూతురి ఉద్యోగం నిలబడటం కోసం.

కెర్రీకి సిగ్గేసింది. తల్లి గొప్పలు చెప్పినందుకు ఇన్నాళ్లూ సిగ్గుపడింది. ఆ గదిలో మాత్రం తనని చూసి తనకే సిగ్గేసింది. ఏదో, చిన్న అన్న రెండు మాటలూ తనవే. తల్లి వాటిని తన దగ్గరే అప్పు తెచ్చుకుంది.

ఊరుకుంటే అన్నీ దక్కుతాయి. ఉద్యోగం, దాంతో చదువు, సెప్టెంబరు. డీన్ పొద్దున బయల్దేరుతూ, వాళ్లేమన్నా తలూపి వచ్చెయ్యమని మరీ మరీ చెప్పి పంపాడు. మిసెస్ థర్‌బీ అప్పటికే కలం తీసి పట్టికలో ఆమె పేరు దగ్గర పెట్టింది.

"ఆగండి మేడమ్," అంది కెర్రీ.

కలం ఆగింది.

"మా అమ్మ ఆ రోజు చెప్పింది అబద్ధం కాదు. నేను టీచర్నవుతాను. ఏ సెప్టెంబరు అన్నదొక్కటే తప్పు చెప్పింది."

గోడ అవతల ఎవరో గట్టిగా నవ్వారు. గ్లెనిస్ తలెత్తి కూతుర్ని చూసింది. వద్దే అన్నట్టు తల అడ్డంగా ఊపింది కాని, ఆవిడ కళ్లు మాత్రం వేరే మాట చెప్తున్నాయి.

"ఏమంటున్నావో తెలుస్తోందా నీకు?" అంది మిసెస్ థర్‌బీ మెల్లగా. "ఈ మాట నేను వినలేదనుకోగలను. ఛైర్మన్ అనుకోడు."

"మీరు చెప్పొద్దు మేడమ్. అడిగేదేదో నన్నే అడగమనండి."

"నిన్ను తీసెయ్యొచ్చు."

"తీసెయ్యొచ్చు," అంది కెర్రీ. "తీసేస్తే, టీచరవ్వాలనుకున్నందుకు తీసేశారని చెప్పుకుంటాను. కేకు తిని ఊరుకున్నందుకు పోయిందని చెప్పుకోలేను."

మిసెస్ థర్‌బీ కలం మూసి ఆమెని చూసింది. ఆ చూపులో కోపముందో, మెచ్చుకోలుందో చెప్పడం కష్టం. చివరికి పట్టిక చేతిలోకి తీసుకుని లేచింది. పక్క గది తలుపు తెరిచి, పక్కకి తప్పుకుని నిలబడింది.

గ్లెనిస్ కూతురి భుజం మీద లేని దుమ్ము దులిపింది.

లోపల బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. ఛైర్మన్ టీ కప్పు దించి, ముందున్న కాయితం చూసి, మళ్లీ కెర్రీ వైపు చూశాడు.

"సెప్టెంబరు నుంచి మానేస్తున్నది మీరే కదూ?" అని అడిగాడు.

"కాదండీ," అని కెర్రీ ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.